కొబ్బరినూనె తాగిన అడాప్టర్

కుర్చీ ఇంకాస్త ఇటు జరుపుకోండి. హీటర్ ఈ పక్కనే ఉంది, టీ కూడా ఇక్కడికే తెస్తాను. నేను చెప్పబోయేది కోపం వచ్చిన సంగతి. దూరంగా కూర్చుంటే ఊరికే అరుస్తున్నాననుకుంటారు. దగ్గరగా కూర్చుని వింటే ఎందుకు అరుస్తున్నానో తెలుస్తుంది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. విజయవాడ ఆటోనగర్లో లేతు మిషను ముందు ఇరవై రెండేళ్ళు నిలబడ్డాను. నా భార్య నర్సు. ఆమెకి ఐర్లండ్‌లో, పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే ఆమె వెనకాలే వచ్చాను. వచ్చిన కొత్తలో గోదాములో పెట్టెలు మోశాను. తర్వాత హోటల్లో గిన్నెలు కడిగాను. ఆకురాయి పట్టుకోవాల్సిన చేతులు సబ్బునీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడేవి. అట్లా ఆరేళ్ళు. ఒకసారి పక్కింటాయన గడ్డి కోసే మిషను బ్లేడుకి పదును పెట్టి ఇచ్చాను. ఆ పదును చూసి, ఊరి బయట రైఫిళ్ళు బాగుచేసే షాపు యజమాని నన్ను పిలిపించాడు. కిటికీ పక్కన ఒక బల్ల చూపించి, దానికి బిగించిన వైసు, అంటే ఇనుప ముక్కల్ని కదలకుండా పట్టి ఉంచే పట్టకారు, చూపించి, "ఇక నుంచి ఇది నీది" అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆనందంతోనే లెండి. ఆ బల్ల సంగతి గుర్తుపెట్టుకోండి, నా కోపమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ రైఫిల్ ఉండాలంటే గార్డులు, అంటే పోలీసులు, లైసెన్సు ఇవ్వాలి. ఇంట్లో ఇనప సేఫులో పెట్టి తాళం వెయ్యాలి. రైతులు కాకుల కోసం, నక్కల కోసం ఉంచుకుంటారు. కొంతమంది ఆదివారాలు క్లబ్బుకి వెళ్ళి కాగితం మీద గీసిన గుండ్రాలకి గురిపెట్టి పోటీలు పడతారు. రైఫిల్‌కి తూటాలు అందించే చిన్న డబ్బీని మ్యాగజైన్ అంటారు. పాత రైఫిళ్ళకి ఆ పాత డబ్బీలు ఇప్పుడు దొరకవు. అందుకని ఆ ఖాళీలో ఒక దిమ్మ కూర్చోబెడతాం, ఇప్పటి డబ్బీ దానికి పట్టుకుంటుంది. ఆ దిమ్మే అడాప్టర్.

చెప్పడానికి అంతే. వెంట్రుకవాసి కిందికి కూర్చుంటే, తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టు దాన్ని ముందుకి తొయ్యకుండా మీదుగా జారిపోతుంది. వెంట్రుకవాసి పైకి కూర్చుంటే రాసుకుంటుంది. నేను దిమ్మకి నల్ల ఇంకు పూసి ఎక్కిస్తాను, తీస్తాను, ఇంకు చెరిగిన చోట ఆకురాయితో ఒక్క దువ్వు దువ్వుతాను, మళ్ళీ పూస్తాను. ఉత్త డమ్మీ తూటాలతో చూసుకుంటాను. డబ్బీని పట్టి ఉంచే కొక్కెం ఆ దిమ్మలోనే ఉంటుంది, అది 'టిక్' మని పడాలి. ఆ 'టిక్' వినడానికే నేను పుట్టాననిపిస్తుంది ఒక్కోసారి.

ఒక సెప్టెంబరులో మా ఆవిడ పనిచేసే ఆసుపత్రి నుంచే ఒక డాక్టరు వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. గుంటూరు వైపు మనిషని మా ఆవిడ అంతకుముందే చెప్పింది. పాత రైఫిల్ ఒకటి కొనుక్కుని క్లబ్బులో చేరాడట. నేను సంబరంగా, "మనది ఏ ఊరండీ?" అన్నాను.

ఆయన యజమాని వైపు ఒకసారి చూసి, నాతో ఇంగ్లీషులో, "ఐయామ్ బేస్డ్ ఇన్ పోర్ట్‌లీష్" అన్నాడు.

సరే, చదువుకున్నవాడు, నలుగురిలో తెలుగు ఇష్టం లేదేమో అనుకున్నాను. అడాప్టర్ బిగించి ఇచ్చాను. యజమాని యాభైసార్లు ఎక్కించి దించి "గ్రాండ్" అన్నాడు. ఆ మాట ఆయన అన్నాడంటే ఇంక తిరుగులేదు.

దసరా వెళ్ళిన వారానికి రైఫిల్ తిరిగొచ్చింది. పోటీ మధ్యలో డబ్బీ ఊడి, పడుకుని గురిపెట్టే చాప మీద పడిపోయిందట. కొక్కెం నొక్కితే నొక్కినట్టే ఉండిపోతోందట. యజమాని నా ముందే అడిగాడు.

"మీరు దీనికి ఏమైనా చేశారా డాక్టర్? నూనెగానీ, ఇంకేదైనాగానీ?"

"నథింగ్. నథింగ్ అట్ ఆల్" అన్నాడు.

నా బల్ల మీద పెట్టి చూశాను. టిక్. టిక్. ఎన్నిసార్లు నొక్కినా టిక్. తప్పేమీ కనపడలేదు. కొక్కేన్ని వెనక్కి తోసే స్ప్రింగు దిమ్మ లోపల ఒక గూట్లో, పిన్నుతో మూసి ఉంటుంది, బాగా పనిచేసేదాన్ని ఎందుకు విప్పడమని ఇచ్చేశాను. తర్వాతి ఆదివారం మళ్ళీ ఊడింది. మళ్ళీ నా బల్ల మీద టిక్. మూడో ఆదివారం కూడా ఊడాక డాక్టరు యజమానిని పక్కకి తీసుకెళ్ళి మాట్లాడాడు. గుసగుసలాడాననుకున్నాడు గానీ నాకు వినపడింది. "మీవాడికి సరైన ట్రైనింగ్ ఉందా?" అన్నాడు.

'మీవాడు' నేనే.

ఆయన వెళ్ళాక యజమాని నా దగ్గరికొచ్చాడు. నా మొహం చూడలేదు, వైసు వైపు చూస్తూ అన్నాడు. "ఇది గ్రాండ్ కాదు. శనివారం ఆయన వస్తాడు. ఈసారీ తేలకపోతే అడాప్టర్ల పని వేరే షాపుకి పంపేస్తాను. నువ్వు ముందు కౌంటర్లో పెట్టెలు సర్దుకుందువుగాని."

మళ్ళీ పెట్టెలు! ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టాను. మా ఆవిడ స్టవ్ దగ్గర నుంచే అంది.

"ఏంటండీ ఆ విసరడం? ఆ చెప్పులేం చేశాయి పాపం?"

"మీ డాక్టరు నా బల్ల లాగేస్తున్నాడే!"

"మా డాక్టరా? ఆయన్ని నేనేమన్నా కన్నానా? గట్టిగా అరవకండి. రేపు వార్డులో ఆయన మొహం చూడాల్సింది నేను."

"నీకు ఆయన మొహం ముఖ్యం. నా చేతులు?"

ఆమె కంచం ముందు పెట్టి, నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేసింది.

మర్నాడు బల్ల ముందు కూర్చుని ఆలోచించాను. ఆటోనగర్లో మా మేస్త్రి నేర్పింది ఒకటే: మిషను ఎక్కడ మొరాయించిందో అక్కడికెళ్ళి చూడు. ఇది మొరాయించింది బయట, క్లబ్బులో, చలిలో. బాగా పనిచేసింది ఇక్కడ, నా హీటర్ పక్కన, వేడి దీపం కింద. అడాప్టర్‌ని రైఫిల్ నుంచి తీసి, యజమాని పాలు పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లో పాలసీసా పక్కన పెట్టాను. టీ వేళకి తీసి కొక్కెం నొక్కాను. టిక్ లేదు. నొక్కినది నొక్కినట్టే ఉంది, నిద్రపోయిన పిల్లాడి వేలిలాగా.

పిన్ను కొట్టి గూడు విప్పాను. లోపల స్ప్రింగు చుట్టూ తెల్లటి మైనంలా గడ్డకట్టి ఉంది. ఆ తెలుపులో ఎర్రటి నలుసులు. వేలితో తీసి వాసన చూశాను.

కొబ్బరినూనె! నా తలకి మా అమ్మ రాసిన వాసన నాకు తెలియదా? ఆ ఎర్రటిది కుంకుమ. మన ఊళ్ళో నూనె నూనెలాగే ఉంటుంది. ఈ దేశపు చలిలో గడ్డకడుతుంది. నా వేడి దీపం కింద మళ్ళీ కరిగి నన్ను వెక్కిరిస్తుంది. పైకి కనిపించే బొట్లన్నీ ఎవరో శుభ్రంగా తుడిచేశారు. లోపలికి జారినది తుడవలేకపోయారు.

ఆ సాయంత్రం మా ఆవిడకి చెబితే గరిటె పట్టుకునే నోరు తెరిచింది.

"అయ్యో! ఆ నల్ల ముక్క అదేనా? దసరాకి వాళ్ళింటికి పేరంటానికి వెళ్ళాను కదండీ! పళ్ళెంలో కారు తాళాలు, స్టెతస్కోపు, లాప్‌టాప్, పక్కన ఓ నల్ల ముక్క. తుపాకీ సేఫులోంచి తియ్యకూడదట, అందుకని దాని ముక్క ఒకటి పెట్టామన్నారు వాళ్ళమ్మగారు. పెద్దావిడ ఎంత భక్తిగా నూనె రాసి బొట్లు పెట్టారో!"

"ఆవిణ్ణి నేనేమీ అనను. ఆయుధపూజ చేసింది, మంచిదే. తుడిచినవాడు ఎవడు? నథింగ్ అట్ ఆల్ అన్నవాడు ఎవడు?"

"వదిలెయ్యండీ. మీరే శుభ్రం చేసి ఇచ్చెయ్యండి, ఎవరికీ తెలియదు."

"అప్పుడు తప్పు నాదే అవుతుంది కదే!"

ఆమె గరిటె కింద పెట్టింది. "సరే, అడగండి. కానీ అరవకుండా అడగండి" అంది. ఇప్పటికీ ఆ మాటకి ఆమెకి దణ్ణం పెడతాను.

శనివారం డాక్టరు వచ్చాడు. యజమాని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను అడాప్టర్‌ని ఫ్రిజ్‌లోంచి తెచ్చి, గూడు తెరిచి, ఆయన ముందు బల్ల మీద పెట్టాను. తెలుపు, ఎరుపు. ఆయన మొహం పాలిపోయింది. అప్పుడు ఆ నోట్లోంచి తెలుగు వచ్చింది, మొదటిసారి.

"అంకుల్, ప్లీజ్. వీళ్ళ ముందు వద్దు. వీళ్ళేమనుకుంటారు?"

"ఇప్పుడు అంకుల్ని అయ్యానా? మొన్న 'మీవాడు' అన్నారు కదా!"

"అది కాదంకుల్... తుపాకీకి పూజ చేశామంటే ఏదో అడివి మనుషులం అనుకుంటారు."

"మీకు సిగ్గుగా ఉందని నా బల్ల పోవాలా? నాకు ట్రైనింగ్ లేదని చెప్పినప్పుడు ఏమైంది ఆ సిగ్గు? మీరే చెప్పండి ఆయనకి. మీ నోటితో."

ఆయన యజమాని వైపు తిరిగి, ఇంగ్లీషులో, "మేబీ సమ్ ఆయిల్ గాట్ ఇన్" అన్నాడు.

మేబీ! ఆ ఒక్క మాటకి నా ఒళ్ళంతా మండిపోయింది. అరవలేదు, మా ఆవిడ అరవద్దంది కదా. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో నేనే చెప్పాను. మాకు ఒక పండగ ఉంది, ఆ రోజు అన్నం పెట్టే పనిముట్లకి బొట్టు పెట్టి మొక్కుతాం, వీళ్ళమ్మగారు ప్రేమగా పెట్టారు, ఆ నూనె మీ చలికి గడ్డకట్టింది, ఈయనకి ఇదంతా తెలుసు, అయినా ఏమీ లేదన్నాడు. డాక్టరు తల దించుకుని, "యెస్. ఐ వైప్డ్ ఇట్" అన్నాడు.

యజమాని వంగి ఆ ఎర్రటి నలుసుల్ని చూశాడు. తర్వాత నన్ను అడిగాడు. "నువ్వూ పెడతావా? నీ పనిముట్లకి?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. మెల్లగా వైసు అడుగు వైపు వేలు చూపించాను. ఆయన టార్చి తీసుకుని, మోకాళ్ళ మీద వంగి, తల వాల్చి చూశాడు. వైసు కింద, నేల మీద పడుకుంటే తప్ప కనపడని చోట, నీళ్ళతో తడిపి పెట్టిన చిన్న కుంకుమ బొట్టు. అంతకు ముందేటిది ఒకటి, దాని మీదే ఆ ఏటిది.

"కింద ఎందుకు పెట్టావు?" అన్నాడు.

పక్కనే నిలబడ్డ డాక్టరు మొహం చూడలేకపోయాను. నేనూ దాచానుగా! ఆ పూట డాక్టరు మీద ఎంత కోపం వచ్చిందో, అందులో సగం నా మీద కూడా వచ్చింది. కానీ ఒకటి చెబుతున్నాను, మీరే న్యాయం చెప్పండి: నేను దాచినదానికి ఇంకొకడి బల్ల పోలేదు.

యజమాని లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. డాక్టరుతో, "ఈసారి మీ అమ్మగారికి మిషన్ ఆయిల్ ఇవ్వండి" అన్నాడు. నాతో, "అడాప్టర్లు నీవే. నా పాల పక్కన మాత్రం ఇంకెప్పుడూ ఇనుము పెట్టకు" అన్నాడు. నన్ను అనుమానించినందుకు ఒక్క మాట అనలేదు. అదీ నాకు కోపమే.

అడాప్టర్ కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క మిషన్ ఆయిల్ వేసి బిగించాను. మళ్ళీ తిరిగి రాలేదు. డాక్టరు ఇంటి నుంచి మా ఆవిడ చేత సున్నుండలు పంపారు. నేను ముట్టలేదు. ఆమె తింది, బాగున్నాయంది కూడా.

ఈ దసరాకి వైసు మీద బొట్టు పెట్టాను. ముందు వైపున, రూపాయి బిళ్ళంత. షాపులోకి వచ్చిన రైతులు అదేమిటని అడుగుతారు, చెబుతాను. డాక్టరు కూడా ఒకరోజు ఏదో పని మీద వచ్చి, ఆ బొట్టు చూసి, దగ్గరికొచ్చి, "అంకుల్, మనది ఏ ఊరు?" అన్నాడు.

"ఐయామ్ బేస్డ్ ఇన్ పోర్ట్‌లీష్" అన్నాను.

మా ఆవిడ ఆ మాట విని నన్ను తిట్టింది. తిట్టనివ్వండి. కోపం ఎప్పటికి చల్లారాలో అప్పటికే చల్లారుతుంది.

టీ అయిపోయిందా? సరే, వెళ్ళి రండి. మీ ఇంట్లో కత్తిపీట దగ్గర నుంచి కంప్యూటరు దాకా ఏదీ మొరాయించకుండా ఉండాలి. మీ ఇంట్లోవాళ్ళ చేతిపనికి ఎవరూ వంక పెట్టకూడదు, పెట్టినా అది అబద్ధమని నలుగురి ముందు తేలాలి. మీరు పెట్టుకున్న బొట్టు మీ గడప మీద, అందరికీ కనిపించే చోట, ఎర్రగా, పచ్చగా, చల్లగా ఉండాలి.