మొరాయించిన ఎన్‌కోడర్

మార్టూరు చుట్టుపక్కల పత్తి, మిరప రైతులందరికీ జాన్ బాషా వైండింగ్ షాపు తెలుసు. కాలిపోయిన బోరు మోటారు ఏది తెచ్చినా రెండు రోజుల్లో తిరిగేట్టు చేసి పంపేవాడు. ఏడో తరగతితో బడి మానేసి, ఇరవై రెండేళ్లుగా రాగి తీగ చుడుతున్న మనిషి.

2006 వేసవిలో జయకుమారి అతని షాపుకు వచ్చింది. గ్రానైటు పలకల మీద పేర్లు చెక్కే చిన్న యూనిట్ ఆమెది. అక్కడున్న కంప్యూటర్ మిషన్లో ఉలిని కావలసిన చోటికి కదిపే సర్వో మోటార్లలో ఒకటి పోతే వేరే కంపెనీది తెప్పించింది. దాన్ని బిగించాల్సిన మెకానిక్ మూడు వారాలుగా రేపు, ఎల్లుండి అంటున్నాడు. నలుగురు పనివాళ్లు ఊరికే కూర్చుంటున్నారు.

"నాకు బోరు మోటార్లే తెలుసమ్మా. దీంట్లో ఒక్క వైరు తప్పు పడినా కాలిపోద్ది," అన్నాడు జాన్ బాషా.

"అన్నీ తెలుసన్నవాడే పాతదాన్ని కాల్చిపోయాడండీ. తెలీదని చెప్పారుగా, మీరే రండి."

మర్నాడు పొద్దున్నే వెళ్లాడు. మోటారు వెనక ఎన్‌కోడర్ అనే చిన్న డబ్బా ఉంది. ఇరుసు ఎటు తిరిగిందో, ఎంత తిరిగిందో, మోటారును నడిపే డ్రైవ్ అనే పెట్టెకు చెప్పేది అదే. దాన్నుంచి వచ్చే వైర్లు ఎనిమిది. వాటి రంగులకూ పాత కేబుల్ రంగులకూ పొంతన లేదు. జయకుమారి ఇంగ్లీషు కాగితం చదువుతుంటే, అతను ఒక్కో వైరుకూ చీటీ అంటించాడు.

"ఎర్రది ఐదు వోల్టులని ఉందండీ."

"కాయితం సరేనమ్మా. మీటరేమంటుందో కూడా చూద్దాం."

డ్రైవ్ వైపు ఐదు వోల్టులు ఉన్నాయని రెండుసార్లు చూసుకున్నాక కరెంటు తీసేసి వైర్లు అతికాడు. మోటారును మాత్రం మిషనుకు తగిలించలేదు, విడిగా బల్లకు బిగించాడు. తేడా వస్తే మిషన్లోని ఉలిని ఈడ్చుకెళ్లి అంచుకు గుద్దుతుందని అతని భయం.

స్విచ్ వేశారు. మోటారు ఒక్కసారిగా గిర్రున తిరిగింది. డ్రైవ్ మీద ఎర్రలైటు వెలిగి, అంతా ఆగిపోయింది.

జాన్ బాషా ఎన్‌కోడర్ కాల్చేశాననుకున్నాడు. కాసేపటికి తేరుకుని, ఇరుసును చేత్తో మెల్లగా కుడివైపుకు తిప్పి చూశాడు. డ్రైవ్ మీది అంకెలు కదిలాయి! కాకపోతే తగ్గుతున్నాయి. మిషన్లో బాగున్న రెండో మోటారును కూడా అలాగే తిప్పితే దాని అంకెలు పెరిగాయి.

"బతికే ఉందమ్మా! కుడికి తిరిగి ఎడమకి తిరిగానంటోంది. అది నమ్మి డ్రైవ్ సరిచెయ్యబోతోంది, తోసేకొద్దీ తప్పు పెరుగుతోంది."

మళ్లీ కరెంటు తీయించి, దిక్కు చెప్పే రెండు జతల వైర్లను ఒకదాని చోట ఒకటి మార్చాడు. మళ్లీ స్విచ్. ఈసారి చప్పుడే లేదు.

"ఇప్పుడసలు తిరగట్లేదేంటి?" అన్నాడో పనివాడు.

జాన్ బాషా ఇరుసును వేళ్లతో పట్టుకుని మెలితిప్పబోయాడు. అది కదల్లేదు. బలమంతా పెట్టాడు. మోటారు సన్నగా మూలుగుతూ అతని వేళ్లను వెనక్కి నెట్టింది. అతనికి నవ్వాగలేదు.

"నిలబడిందమ్మా! ఉన్నచోటు వదలట్లేదు. ఇంక చెప్పినచోటికే పోద్ది."

మధ్యాహ్నానికి మోటారును మిషనుకు తగిలించారు. ఊరి మంచినీళ్ల ట్యాంకుకు పెట్టాల్సిన పలక మీద దాత పేరు 'రాఘవమ్మ'లో మొదటి అక్షరం వంపు చెదరకుండా దిగింది. జయకుమారి స్టూలు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. పనివాళ్లు టీలు తెప్పించారు.

జాన్ బాషా ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. పొద్దున భయంతో ఏమీ తినకుండా వెళ్లిన మనిషి ఇలా తినడం చూసి భార్య షాజాదీ అడిగింది, "ఏమైంది అక్కడ?"

"ఏం కాలేదు," అన్నాడు పెరుగు కలుపుకుంటూ. "ఏమీ కాలేదే!"