రెండు తెరల మీద రెండు రాళ్లు

మార్టూరు దగ్గర గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో నేను ఆఫీసు పని చూస్తున్న రోజులవి. నాకు డిగ్రీ లేదు. కంప్యూటర్ గురించి తెలిసిందంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే. ఆ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ని.

వచ్చినవాళ్లకు రాళ్ల ఫోటోలు చూపించడానికి మా యజమాని రెండో మానిటర్ కొన్నాడు. రెండింటినీ ఒకే కంప్యూటర్‌కు తగిలించాం. కొత్తది ధగధగలాడేది, పాతది మసగ్గా ఉండేది. రెండు తెరల వెలుగునూ ఒక్కచోటి నుంచే సర్దే సాఫ్ట్‌వేర్ ఉందని ఒక పత్రికలో చదివాను. పత్రికతో వచ్చిన సీడీని లైబ్రేరియన్ గారిని బతిమాలి తెచ్చి ఎక్కించాను. మౌస్‌తో ఒక మీటను జరిపితే చాలు, కావలసిన తెర వెలుగు పెరిగేది, తగ్గేది. యజమాని నోరు తెరుచుకుని చూశాడు. వారం రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పుడే ఒక మిర్చి రైతు వచ్చాడు. కొత్త ఇంటి హాలుకు మా దగ్గరే బూడిద రంగు పలకలు తీసుకెళ్లాడు. కొలత తప్పి సగం హాలుకే సరిపోయాయి. ఐదు రోజుల్లో గృహప్రవేశం.

"అచ్చం అదే రంగు కావాలబ్బాయ్. తేడా వచ్చిందంటే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు," అన్నాడు.

అతను తీసుకెళ్లిన పలకల ఫోటో నా దగ్గరుంది. షెడ్డులో మిగిలిన పలకలకూ ఫోటో తీశాను. పాత ఫోటో కొత్త తెర మీద, కొత్త ఫోటో పాత తెర మీద పెట్టాను. ఇప్పటి రాయి కాస్త నల్లగా కనిపించింది. పాత తెర మళ్లీ మసకబారిందనుకుని, మీటను కొంచెం కొంచెం జరుపుతూ పోయాను. రెండు రాళ్లూ ఒక్కటయ్యాయి.

షెడ్డులో రంగులు చూసే పెద్దాయన ఒప్పుకోలేదు. "ఆ ఇంటి నుంచి ఓ ముక్క తెప్పించు. రెండూ కడిగి ఎండలో పక్కపక్కన పెడదాం. అప్పుడు చెప్తా."

"ఇంకా చెంబుడు నీళ్ల కాలంలోనే ఉన్నావా బాబాయ్?"

"సరేరా. నువ్వూ నీ డబ్బాలూ!"

పలకలు కోయించి పంపించేశాను. మెచ్చుకోలు వినాలని మూడో రోజున నేనే ఆ ఇంటికి వెళ్లాను. హాల్లో అడుగు పెట్టి ఆగిపోయాను. సగం నేల బూడిద రంగు. మిగతా సగం అప్పుడే వాన పడి తడిసినట్టు నల్లగా ఉంది. నడిమధ్య గీత గీసినట్టుంది. కళ్లు మూసి తెరిచాను. గీత అక్కడే ఉంది.

రైతు భార్య పక్కనే నిలబడింది. "ఏవయ్యా, మా సగం హాల్లో పొద్దుగూకిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. తెరల్ని సర్దేటప్పుడు రెండింటి మీదా ఒకే బొమ్మ పెట్టుకోవాలని ఆ పత్రికలోనే రాశారు. అది నేను చదివాను కూడా. చదివి, రెండు వేర్వేరు రాళ్లను పెట్టి, అవి ఒకటిగా కనిపించేదాకా వెలుగు పెంచాను. నేను సరిచేసింది తెరను కాదు, ఉన్న తేడాను కనపడకుండా చేశాను. ఎవరూ నన్ను మోసం చేయలేదన్నదే నాకు మింగుడు పడలేదు.

ఆ రాళ్లు పీకించారు. అదే రంగు పలకలు వెతికి పంపడానికి మా యజమానికి ఇంకో పది రోజులు కావాలి. ముహూర్తం ఆగదు కదా. సగం హాలు గరుకు సిమెంటుతోనే గృహప్రవేశం జరిగింది.

వెళ్లకపోతే బాగుండదని భోజనాలకు వెళ్లాను. బంతిలో నునుపు నేల వైపు ఓ మూల కూర్చోబోతుంటే రైతు భార్య చూసింది.

"అక్కడ కాదు అబ్బాయ్. ఇటు రా, నీ రాళ్లు పీకించిన వైపు కూర్చో."

బంతి బంతంతా నవ్వింది. తల వంచుకుని వెళ్లి ఆ సిమెంటు మీదే విస్తరి ముందు కూర్చున్నాను.