బతికున్నవాళ్లకి సంతాపం

మా బావకి బతికున్నవాళ్లకి సంతాపం రాసే అలవాటు ఉంది. నిజంగా పోయినవాళ్ల జోలికి ఆయన పోడు. వాళ్లకి రాసేవాళ్లు చాలామంది ఉన్నారంటాడు. ఆయన రాసేదల్లా నిక్షేపంగా తింటూ తిరుగుతున్నవాళ్ల గురించి. అదీ మొన్నటిదాకా తనే వెంటపడి విన్నవాళ్ల గురించి.

బావ కళ్లద్దాల షాపు నడుపుతాడు. షాపు వెనక కళ్లు పరీక్షించే చీకటి గది ఒకటి ఉంది. మామూలు రోజుల్లో జనం ఆ గదిలో కూర్చుని గోడమీది అక్షరాలు చదువుతారు. సెలవు రోజున అదే గదిలో పంక్ సంగీతం అభిమానులు చేరి ఒకళ్లమీద ఒకళ్లు అరుచుకుంటారు. పంక్ అంటే తెలియనివాళ్లకి ఒక్క మాటలో చెప్తాను: గిటార్ తీగలమీద వేళ్లతో మూడు పట్టులు పట్టడం వస్తే చాలు, మిగతాది కోపంతో నింపుకోవచ్చు. వీళ్లకోసం బావ తన చేత్తో రాసి, బొమ్మలు కత్తిరించి అంటించి, జిరాక్స్ తీయించి, పిన్ను కొట్టి ఒక పత్రిక తెస్తాడు. దాని పేరు 'చెవిపోటు'. జిరాక్స్ షాపులో పనిచేసేది నేను. అక్క మొగుడు కాబట్టి తప్పించుకునే దారి లేదు.

'చెవిపోటు' చివరి పేజీ చుట్టూ వేలెడు మందాన నల్ల అంచు ఉంటుంది. మేము ఇష్టపడే చిన్న బ్యాండ్లలో ఏదైనా పెద్ద కంపెనీతో సంతకం పెట్టినా, దాని పాట మంగలి షాపు రేడియోలో వినిపించినా, బావ లెక్కలో అది పోయినట్టే. మర్నాటికల్లా నల్ల అంచులోకి ఎక్కేస్తుంది.

"వాళ్ల పాట నలుగురికీ నచ్చిందట బావా, మంచిదేగా?" అని ఒకసారి అడిగాను.

"నలుగురూ వచ్చారంటే మోయడానికేగా," అన్నాడు, స్కేలు పెట్టి అంచు గీస్తూ.

ఆ అంచు మూలంగా మా షాపు మిషన్‌లో నల్లపొడి, అదే టోనర్, ఇట్టే అయిపోయేది. "మీ బావ ఎవర్నీ బతకనివ్వడా?" అని మా ఓనరు నెలనెలా మొత్తుకునేవాడు.

ఒకసారి ఒక డ్రమ్మరు తల్లి ఆ పేజీ చూసి, గుండెలు బాదుకుంటూ బావ షాపుకొచ్చింది.

"మావాడు బతికే ఉన్నాడు బాబూ! ఇప్పుడే కడుపునిండా తిని పడుకున్నాడు!"

"మనిషి ఉన్నాడమ్మా, బ్యాండే పోయింది," అన్నాడు బావ, చేతులు కట్టుకుని. ఆవిడకి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, చత్వారం ఉందేమోనని కళ్లు కూడా చూసి పంపాడు.

సంతాపం మహా పద్ధతిగా జరిగేది. గదిలో లైటు ఆర్పి, అక్షరాల బోర్డు వెనక వెలిగే దీపం ఒక్కటే ఉంచేవాడు. పోయిన బ్యాండు రికార్డు బల్లమీద పెట్టేవాడు. అందరూ లేచి దానివైపు తిరిగి నిలబడాలి. పోయినవాళ్లకి వీపు చూపించకూడదన్నది ఒక నియమం. పోయినవాళ్లని పల్లెత్తు మాట అనకూడదన్నది ఇంకోటి. ఆ తర్వాత బావ గొంతు సవరించుకుని చదివేవాడు, అందరం కాసేపు మౌనంగా తలలు దించుకునేవాళ్లం, రికార్డు పై అరలోకి వెళ్లిపోయేది.

విచిత్రమేమిటంటే, బతికున్న బ్యాండుని బావ ఎన్నడూ మెచ్చుకోలేదు. ఎంత బాగా వాయించినా "పర్వాలేదు, అరిచారు" అనేవాడు. అదే బ్యాండు పోయిందంటే చాలు, ఆ డ్రమ్మరు చేతి విసురేమిటో, ఆ పాటలో రెండో చరణం ఎందుకు గొప్పదో, వినేవాళ్ల గుండె కరిగిపోయేలా రాసేవాడు.

"ఆయన నోట మంచిమాట వినాలంటే చావాల్సిందేనే," అనేది మా అక్క. "ఇన్నేళ్ల కాపురంలో నా వంట బాగుందని ఒక్కసారి అనలేదు. పోయాక వింటాలే."

ఆ గదిలో వాదనలకి లోటుండేది కాదు. ఒకాయన బ్యాంకులో క్యాషియరు. మండుటెండలో కూడా మోకాళ్లదాకా బూట్లు వేసుకునేవాడు. కౌంటరు వెనక కూర్చుంటాడు కాబట్టి మేనేజరుకి కనబడేవి కావు. అందరం బూట్లాయన అనేవాళ్లం. ఆయనకి ఎదురు నిలిచే మొనగత్తె ఒక లెక్కల టీచరమ్మ.

"పెద్ద కంపెనీలో చేరడమంటే అమ్ముడుపోవడమే!" అనేవాడు బూట్లాయన.

"మీరు బ్యాంకులో చేరలేదా?" అనేది టీచరమ్మ.

"అది ఉద్యోగం."

"వాళ్లదీ అంతే."

"నేనేమన్నా బ్యాంకులో పాడుతున్నానా?"

"పాడితే ఆ బ్యాంకు ఎప్పుడో మూతపడేది."

గొడవ ముదిరితే బావ లేచి, ఎవరు ఎక్కువ అరిచారో వాళ్లని పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి, "కింది వరస చదవండి" అనేవాడు. ఆ వరసలో అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి. అవి చదివేసరికి ఎవరి కోపమైనా దిగిపోతుంది. ఒకసారి బూట్లాయన, పై అరలో అన్నిటికన్నా ముందు చేరిన 'ఉప్పుకాగితం' అనే బ్యాండుని పట్టుకుని, "వాళ్లు సబ్బులు అమ్ముకున్నవాళ్లు" అన్నాడు. బావ మొహం పాలిపోయింది. ఆయన్ని కూర్చోబెట్టి కింది వరస చదివిస్తూనే ఉన్నాడు. చివరికి బూట్లాయన కొత్త కళ్లద్దాలు చేయించుకుంటే గానీ బయటపడలేదు.

ఇలా ఉండగా లిఫ్టమ్మాయి వచ్చింది. పెద్ద బట్టల షాపులో లిఫ్టు నడిపే పిల్ల. కళ్లు మండుతున్నాయని వస్తే బావ అక్షరాలు చదవమన్నాడు. ఆ పిల్ల అలవాటుకొద్దీ రాగం తీసి చదివింది.

"మళ్లీ చదువమ్మా," అన్నాడు బావ.

"తప్పు చదివానా సార్?"

"లేదు. ఇంకా కోపంగా చదువు."

ఆ పిల్లకి లిఫ్టులో తలుపు మూసుకోగానే పాడుకునే అలవాటుందని అప్పుడు తెలిసింది. పాటలు కూడా అక్కడే కట్టేది. అందుకే ఆమె పాటలన్నీ కింది అంతస్తులో మొదలై పై అంతస్తులో అయిపోయేవి. ఆ మేడకి ఇంకో రెండంతస్తులుంటే మరో చరణం ఉండేదని టీచరమ్మ లెక్క కట్టింది. తమ్ముడితో, వాడి స్నేహితుడితో కలిసి 'ఓవర్‌లోడ్' అని బ్యాండు పెట్టింది. ఆమె పాడుతుంటే బూట్లాయన కూడా వాదించడం మానేసి వినేవాడు. బావ మాత్రం, "పర్వాలేదు, అరిచింది," అన్నాడు.

ఒక రోజు పెద్ద పాటల కంపెనీవాడు ఒకాయన బట్టలు కొనడానికి వచ్చి లిఫ్టు ఎక్కాడు. ఇంక దిగలేదు. పైకీ కిందికీ తిరుగుతూ వింటూనే ఉన్నాడట. వారం తిరక్కుండా ఒప్పందం కాగితాలొచ్చాయి, పిల్ల సంతకం పెట్టింది. వెళ్లేముందు బావ షాపు పక్క గోడౌన్‌లో మావాళ్లకోసం చివరిసారి పాడతానంది.

ఆ కబురు వినగానే బూట్లాయన భగ్గుమన్నాడు. "పాడనీ. మైకు పట్టుకోగానే అందరం వీపు తిప్పుదాం," అని ఊరూవాడా ఒప్పించాడు. ఎప్పుడూ ఆయనకి ఎదురు చెప్పే టీచరమ్మ కూడా, ఎందుకో ఈసారి సరేనంది. తనకీ లోపల ఎక్కడో కష్టంగానే ఉందనుకుంటాను. మన ఒక్కరిదే అనుకున్న పాట అందరిదీ అయిపోతుంటే ఎవరికైనా ఉంటుంది.

పిల్ల ఏడుపు మొహంతో నా దగ్గరికొచ్చింది.

"వెళ్లాలనే ఉంది అక్కా. పొద్దస్తమానం పైకీ కిందికీ తిరుగుతాను గానీ ఇంతవరకూ ఎక్కడికీ చేరలేదు. కానీ వీళ్లే నాకు వీపు చూపిస్తే నా గొంతు ఇంక లేవదు. అక్కడికెళ్లినా లేవదు. దానికి తోడు సార్ సంతాపం కూడా చదివితే... వద్దని నువ్వు చెప్పవా?"

నేను తిన్నగా బావ దగ్గరికెళ్లాను. అద్దం తుడుస్తున్నాడు.

"బావా, ఈ ఒక్కదానికీ రాయకు."

"సంతకం పెట్టిందా?"

"పెట్టింది."

"అయితే పోయింది."

"చిన్నపిల్ల బావా!"

"చిన్న వయసులోనే పోయింది," అని నిట్టూర్చాడు. "ఈసారి అంచు ఇంకాస్త మందంగా రావాలి. కాపీలు ఆ రోజుకి అందాలి."

"నీ అంచు నువ్వే బొగ్గుతో గీసుకో!" అని వచ్చేశాను. కానీ మా అక్క ఫోన్ చేసింది. "తీసివ్వవే. చదవకు. వచ్చి విను," అంది. అక్క మాట కాదనలేక, పళ్లు నూరుకుంటూ, చదవకుండానే తీశాను. టోనర్ యథాప్రకారం అయిపోయింది.

గోడౌన్‌లో చెక్కపెట్టెలు పేర్చి వేదిక కట్టారు. పిల్ల ఎక్కి మైకు పట్టుకుంది. బూట్లాయన చెయ్యెత్తాడు. బూట్లు కిర్రుమన్నాయి, ఆయనతోపాటు అందరూ గోడవైపు తిరిగిపోయారు. పిల్ల నోరు తెరిచింది గానీ మాట రాలేదు. తమ్ముడు గిటార్ మొదటి పట్టు రెండుసార్లు వాయించి ఆపేశాడు.

అప్పుడు బావ నెమ్మదిగా పెట్టెలమీదికెక్కాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్ల అంచు కాగితం.

"సంతాపం," అన్నాడు.

మాట అలవాటైనదేమో, అందరి భుజాలూ వాటంతటవే నిటారుగా అయ్యాయి. బావ మాత్రం చదవలేదు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నిలబడ్డాడు. పోయినవాళ్లకి వీపు చూపించకూడదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ముందు టీచరమ్మ తిరిగింది. తర్వాత ఒక్కొక్కళ్లే తిరిగారు. చిట్టచివరికి బూట్లు కిర్రుమన్నాయి.

బావ చదివాడు. "ఓవర్‌లోడ్ మన మధ్య లేదు. ఆ అమ్మాయి తలుపులు మూసుకున్న పెట్టెలో నిలబడి పాట నేర్చుకుంది. ఆ లిఫ్టు ఎక్కినవాళ్లు ఎక్కినప్పటి మొహాలతో దిగేవాళ్లు కాదు. అంత తక్కువ చోటులో అంత పెద్ద గొంతు నేనెక్కడా వినలేదు. ఆ గొంతు ఇప్పుడు మనకి సరిపోనంత పెద్దదైంది. తప్పు గొంతుది కాదు, గదిది. మౌనం పాటించండి."

అందరూ తలలు దించుకున్నారు. పిల్ల చెంపలమీద నీళ్లు కారిపోతున్నాయి. బావ తనని మెచ్చుకోగా ఆ పిల్ల వినడం అదే మొదలు. మౌనం అయ్యాక ఏం చెయ్యాలో తెలియక బావవైపు చూసింది.

"పోయినవాళ్లు పాడకూడదని నియమమేమీ లేదు," అన్నాడాయన, పెట్టెలు దిగుతూ.

పాడింది. ఆ మేడకి నిజంగానే రెండంతస్తులు కలిసినట్టు పాడింది. బూట్లాయన కొత్త కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "పోయాక ఇంకేమంటాం," అని గొణిగాడు.

నా పక్కన నిలబడిన అక్క అప్పుడు చెప్పింది. ఉప్పుకాగితం మా బావ బ్యాండేనట. బావ బేస్ గిటార్ వాయించేవాడు, ఆయన ప్రాణస్నేహితుడు పాడేవాడు. వాళ్ల పాట ఒకటి సబ్బు ప్రకటనలో వచ్చింది. తర్వాత వాళ్లు పాడిన రోజున, సొంత అభిమానులే వీపులు తిప్పారు. స్నేహితుడు పాట మధ్యలో మైకు కింద పెట్టి వెళ్లిపోయాడు.

"ఆ మనిషి ఆ తర్వాత కూనిరాగం కూడా తియ్యలేదే. మీ బావ ఆ వారమే మొదటి సంతాపం రాశాడు. ఇదేం పిచ్చని నేను తిట్టాను. 'ఎంతటి వాడైనా పోయినవాళ్లని తిట్టడు కదా' అన్నాడు. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు."

నాకు కళ్లు చెమర్చాయి. ఆ వెనకే బావ మీద ఒళ్లు మండింది. ముందే చెప్పి చావచ్చుగా అనబోయి, ఆ చోట ఆ మాటని ఎలా తీసుకుంటారోనని ఊరుకున్నాను.

పిల్ల వెళ్లింది. ఆమె పాట కొన్నాళ్లు ఎక్కడ చూసినా వినిపించింది. మా గదిలో మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు, పోయినవాళ్లని అనకూడదు కాబట్టి. తర్వాత జనానికి ఇంకో పాట దొరికింది, కంపెనీకి ఇంకో గొంతు దొరికింది.

ఒక సెలవురోజు మధ్యాహ్నం నేను కాపీలు తీసుకెళ్లి ఇస్తుంటే, అద్దం తలుపు బయట పిల్ల కనబడింది. తట్టడానికి చెయ్యెత్తింది, దించేసింది, మళ్లీ ఎత్తింది. బావ చేతిలో లెన్సు మీంచి తల కూడా ఎత్తలేదు.

"పోయినవాళ్లు తలుపు తట్టరమ్మా," అన్నాడు గట్టిగా. "నేరుగా లోపలికొచ్చేస్తారు."

వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక, "కళ్లు చూపించుకుందామని సార్," అంది.

"కూర్చో. కింది వరస చదువు."

పిల్ల వణికే గొంతుతో చదివింది. ఆ గదిలోనే ఓ మూల పేజీలకి పిన్నులు కొడుతున్న బూట్లాయన చప్పుడు ఆపేశాడు.

"మళ్లీ చదువు," అన్నాడు బావ. "ఇంకా కోపంగా."

రెండోసారి చదివినప్పుడు గొంతులో వణుకు సగం తగ్గింది. మూడోసారికి బోర్డు వెనక దీపం అదిరింది. బూట్లాయన జరిగి చోటిచ్చి, పిన్నులు కొట్టే మిషన్ ఆమె చేతిలో పెట్టాడు.

బావ నావైపు తిరిగి, "పర్వాలేదు, అరిచింది," అన్నాడు. బతికున్నవాళ్ల గురించి అనే మాట అది. పిల్ల నవ్వింది.

ఇక నా సంగతి. నేనిలా రాస్తున్నానని తెలిసి, ఇది అచ్చయితే నేనూ పోయినట్టేనని బావ తేల్చేశాడు. నా సంతాపం అప్పుడే రాసి పెట్టుకున్నాడట. దొంగచాటుగా చదివిన మా అక్క, "నువ్వింత మంచిదానివని నాకే తెలియదే," అంటోంది. నాకు వినాలని మహా ఆశగా ఉంది. కాబట్టి ఇది మీకు నచ్చితే, దయచేసి నలుగురికీ చెప్పండి.