దించని రాయి

మా తమ్ముడు పోయాడు. పొద్దున ఆఫీసుకు వెళ్ళినవాడు లిఫ్టు ముందు కూలిపోయాడని ఫోను వచ్చింది. నేను పూజ ముగించి లేస్తున్నాను. దీపం అప్పుడే కొండెక్కింది.

వాడి గురించి నాలుగు మాటలు రాయమన్నారు ఇక్కడి తెలుగువాళ్ళు. నాకు మాటలు తక్కువ.

వాడిది కంప్యూటర్ల కొలువు. వారం వారం మనవాళ్ళు కొత్తగా సింగపూర్‌లో దిగుతున్న రోజులివి. బిషాన్‌లోని మా ఫ్లాట్ హాల్లో ఎప్పుడూ ఎవరిదో ఒక సూట్‌కేసు ఉండేది. "ఉద్యోగం దొరికేదాకా ఉండవయ్యా. తినేవాళ్ళు తగ్గితే మా అక్కకు బెంగ" అనేవాడు. సెలవు దొరికితే మాత్రం కొండలే. "పైన ఫోను మోగదక్కా."

ఈ ఏడు నన్నూ, మరదలినీ పెరూ తీసుకెళ్ళాడు. అక్కడి పాతకాలపు ఇన్‌కా రాజులు కట్టిన గోడల్లో రాయికీ రాయికీ మధ్య ఆఫీసు కార్డు దూర్చి చూశాడు. దూరలేదు. "మా ప్రోగ్రాముల్లో అయితే ఏనుగులు దూరతాయి" అని నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఊపిరి అందక గోడకు ఆనుకున్నాడు.

అక్కడివాళ్ళు కొండ దాటేటప్పుడు కింద నుంచి తలా ఒక రాయి తెచ్చి, కనుమ దగ్గరి కుప్పలో పెడతారు. మోసుకొచ్చిన బరువు కొండకు అప్పగించి దారి అడగడమట. నా చేతిలో జపమాల ఉంది. రాయి తేలేదు.

"ఖాళీ చేతులతో గుడికి వస్తారా అక్కా? ఇంద, నాది పెట్టు" అన్నాడు తమ్ముడు.

"మరి నీకురా?"

"నా బరువు నాకు అలవాటే."

పెట్టాను. మా గైడు, పెద్దాయన, తమ్ముడి ఖాళీ అరచేతిని చూశాడు. అప్పటిదాకా ఉన్న నవ్వు ఆయన ముఖంలో లేదు. "కిందికెళ్ళి ఇంకోటి తెచ్చుకోండి. లేకపోతే ఆ బరువు మీతోనే దిగుతుంది" అన్నాడు ఇంగ్లీషులో.

"ఎక్స్‌ట్రా లగేజీ. కంపెనీ కడుతుందిలే" అన్నాడు వీడు మాతో.

దిగడం మొదలుపెట్టాం. మంచు మా వెనకే దిగుతూ వచ్చింది.

తిరిగొచ్చాక రైలు స్టేషన్ మెట్ల మీద సగంలో ఆగేవాడు. "ఇంకా ఆ కొండ మీదే ఉన్నట్టుందక్కా" అనేవాడు. డాక్టరుకు చూపించుకోరా అంటే, "ఈ ప్రాజెక్టు కానీ" అన్నాడు. ఆ రోజు నుంచి పూజలో ఒక దీపం ఎక్కువ పెట్టాను.

గుండె జబ్బన్నారు డాక్టర్లు. నేను కాదనను. కొండ మీద కోపమూ లేదు. ఉన్నది ఇచ్చేసి, తనకు లేదన్న సంగతి నవ్వులో దాచడం వాడి స్వభావం. ఈ ఊళ్ళో ఎంతమంది ఆ చేతి అన్నం తిన్నారో వాళ్ళకే తెలుసు.

అస్థికలు సముద్రంలో కలిపి వచ్చాక పాసిర్ రిస్ ఒడ్డున ఒక రాయి ఏరాను. వాడి పేరు తలుచుకుని ఇసుకలో పెట్టాను.

"వదినా, పోటు వస్తోంది. కొట్టుకుపోతుందేమో" అంది మరదలు.

"చూద్దాం" అన్నాను.

నీళ్ళు వచ్చాయి. చుట్టూ ఉన్న ఇసుకను లాక్కుపోయాయి. రాయి ఎక్కడికీ పోలేదు. అల వచ్చిన ప్రతిసారీ, ఉన్నచోటే, కొంచెం కిందికి దిగుతోంది.