ముడిమ్యాలకు ఎండురొయ్యల పొట్లం

ఆ రోజుల్లో పట్నం నుంచి చేవెళ్లకు వెళ్లాలంటే ముందు బస్సు నడుస్తుందో లేదో కనుక్కోవాలి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. నేను పాఠాలు చెప్పే బడికి తాళం పడింది కనుక, ముడిమ్యాలలో ఉన్న మా మేనత్త మార్తమ్మకు మందు అందించే పని నాకు అంటగట్టారు. అత్తకు కడుపులో గడ్డ. కోసినా లాభం లేదని దవాఖానలో ఇంటికి పంపేశారు. ఆమె కొడుకు దావీదు బావ ఆ మాట విన్నాడు గానీ చెవికెక్కించుకోలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే డాక్టరును కలిశాను. "నొప్పి మొదలయ్యాక కాదమ్మా, మొదలుకాకముందే మందు పొయ్యండి. పక్కకు తిప్పుతూ ఉండండి. చూసుకునే మనిషిని కూడా కాస్త నిద్రపోనివ్వండి" అని సీసా చేతిలో పెట్టాడు. నేను గుమ్మం దాటబోతుంటే, "ఏది అడిగితే అది పెట్టండి" అన్నాడు. ఆ చివరి మాటకు మా వైపు అర్థం ఒకటే. డాక్టరు పథ్యం తీసేశాడంటే ఆశ వదిలేసినట్టే.

ఏడవాల్సింది పోయి, నేను బజారుకెళ్లి ఎండురొయ్యలు కొన్నాను. వంకాయలో ఎండురొయ్యలు వేసి, చింతపండు పులుసు పోసి వండితే అత్తకు ప్రాణం. మూడూ పథ్యానికి బద్ధశత్రువులు.

తొమ్మిదింటికి మెహదీపట్నంలో బస్సు దొరికింది. లంగర్‌హౌజ్ దాటేసరికి నా పొట్లం అందరికీ తెలిసిపోయింది. ముందు సీటాయన ముక్కుకు కండువా అడ్డం పెట్టుకున్నాడు. కండక్టరు సీట్ల కిందకి వంగి వంగి చూశాడు. నేనూ కొంగు ముక్కుకు పెట్టుకుని, ఎవరబ్బా ఈ పని చేసింది అన్నట్టు చుట్టూ చూశాను. పక్కన కూరగాయల గంపతో కూర్చున్న అవ్వ, మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊరామె, మాత్రం నా సంచీ వైపే చూసింది.

"ఎండురొయ్యలు గదా బిడ్డా? మరి వంకాయలేవి?" అంది మెల్లగా.

సంగతంతా చెప్పాను. డాక్టరు చివరి మాట దగ్గరికి వచ్చేసరికి అవ్వ, "అయ్యో, పథ్యం తీసేసిండా!" అని బస్సంతా వినేలా అంది. అప్పటిదాకా ముక్కులు మూసుకున్నవాళ్లు జాలిపడి కొంగులూ కండువాలూ దించేశారు. పట్నంలో కూరగాయల మార్కెట్ బందై అవ్వ సరుకు అమ్ముడుపోలేదు. తన గంపలోంచి లేత వంకాయలు ఏరి నా సంచీలో వేసింది.

మొయినాబాద్‌లో విద్యార్థులు రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పెట్టి 'జై తెలంగాణ' అని అరుస్తున్నారు. "అక్కా, బస్సు ముందటికి పోదు, దిగుర్రి" అన్నాడొకడు. నా సంచీ వాసన తగిలి రెండడుగులు వెనక్కి వేశాడు. రోగిని చూడడానికి పోతున్నానంటే వాళ్లే చేవెళ్ల వైపు వెళ్లే ఎడ్లబండిని ఆపి ఎక్కించారు. చేవెళ్లలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. సగం తలుపు తెరిచిన హోటల్లో చాయ్ తాగి, ముడిమ్యాలకు నడక అందుకున్నాను.

నేను ఇల్లు చేరేసరికి బావ అత్తకు చెంచాతో జావ తాగిస్తున్నాడు. ఉప్పు కూడా లేని జావ. అత్త బాగా చిక్కిపోయింది, కళ్లు మాత్రం వెనకటివే. బావ భార్య రూతక్క గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తోంది.

"డాక్టర్ ఏమన్నడు సుగుణా? పథ్యం ఇంకెన్ని దినాలంట?" అన్నాడు బావ.

మందు పోసే పద్ధతి చెప్పాను. పథ్యం సంగతి మాత్రం దాటేశాను. అత్త నా సంచీ వైపు ముక్కు ఎగబీల్చింది.

"అండ్ల ఏమున్నది?"

"వంకాయలు అత్తా. నా కోసమే."

"ఒక్కదానివి గన్ని తింటవా?"

బావ సంచీ లాక్కుని అటక మీద పెట్టాడు. "పథ్యం చెడితె మనిషి లేవదు. మా అమ్మ లేస్తది" అన్నాడు. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. ఈయన నిజం ఒప్పుకోకపోతే అత్త చివరిదాకా ఈ చప్పిడి జావతోనే వెళ్లిపోతుంది.

మందుకు నొప్పి సద్దుమణిగాక, సాయంత్రం ప్రార్థనకు బావ చర్చికి వెళ్లాడు. రూతక్కను పడుకోమని చెప్పి నేను అటకెక్కాను. "తలుపులన్ని ముయ్యి పిల్లా" అని అత్తే మంచంలోంచి హుషారుగా ఆజ్ఞలిచ్చింది. తలుపులు మూస్తే ఎండురొయ్యల వాసన ఆగుతుందా? వేయించగానే వాడంతా పాకింది. చర్చిలో కళ్లు మూసుకున్నవాళ్లు ముక్కులు మూసుకోలేదు కదా. మార్తమ్మ ఇంట్లో ఆ కూర ఉడుకుతోందంటే కడసారి చూపులకు వేళైందనుకుని, ప్రార్థన ముగియగానే అందరూ ఏడుపు మొహాలతో మా వాకిట్లో దిగారు. కొందరు పాట కూడా ఎత్తుకోబోయారు.

"ఏడ్వకుర్రి!" అని లోపలి నుంచి కేకేసింది అత్త. "నేనింక సావలే. కూర ఉడుకుతున్నది."

జనాన్ని తోసుకుంటూ బావ లోపలికొచ్చాడు. పొయ్యి మీది కూరనూ నన్నూ చూశాడు.

"డాక్టర్ గిట్లనే చెప్పిండా?"

"ఏదడిగితె అది పెట్టుమన్నడు బావా."

బావ పొయ్యి ముందు కూలబడ్డాడు. తర్వాత లేచి కంచం కడిగి, అన్నంలో కూర వేసి మెత్తగా పిసికి, తల్లి నోటికి అందించాడు. అత్త రెండు ముద్దలు తిని మొహం చిట్లించింది.

"ఉప్పు తక్కువున్నది."

బావ పకపకా నవ్వాడు. నవ్వుతూనే తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మిగిలిన కూర వాకిట్లోవాళ్లు ఊడ్చేశారు.

మర్నాడు పొద్దున బస్సులు నడుస్తున్నాయని కబురొచ్చింది. బావ నా కోసం బండి చూడడానికి వెళ్లినప్పుడు అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"నాకు పథ్యం లేదని డాక్టర్ దవాఖానల్నే చెప్పిండు బిడ్డా."

"మరి గా చప్పిడి జావ ఎందుకు తాగినవ్ అత్తా?"

"నేను జావ తాగుతుంటె వాని మొఖంల ధైర్యం ఉండె. జావదేమున్నది, కండ్లు మూసుకుంటె దిగుతది."

చేవెళ్లలో బస్సెక్కించి, బావ కిటికీ దగ్గర నిలబడ్డాడు. "ఎండురొయ్యలు ఇంకొన్ని పంపు" అన్నాడు. బస్సు కదిలాక వెంట నడుస్తూ, "జల్ది పంపు సుగుణా" అన్నాడు.

ఈ దారిన వెళ్లేవారికి చెప్పేదేమంటే, చేవెళ్ల బస్సు ఆగిపోయినా మొయినాబాద్‌లో బండి దొరుకుతుంది, పొట్లానికి మాత్రం రెండు వరసల కాగితం చుట్టండి. రోగి ఇంటికే వెళ్తుంటే ఏం తినాలనుందో అడగండి. ఆ ఇంట్లో చాకిరీ చేసే మనిషిని ఒక పూట పడుకోబెట్టండి. నేను బయల్దేరేటప్పటికి కూడా రూతక్క గాఢ నిద్రలో ఉంది.

మొయినాబాద్‌లో బస్సు ఆగింది. రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చున్న అవ్వ నన్ను గుర్తుపట్టి లేచి వచ్చింది.

"తిన్నదా బిడ్డా?"

"తిన్నది అవ్వా" అన్నాను. "కొడుకే తినిపించిండు."