అరసవల్లి టీకొట్టులో స్టెల్త్ విమానం

మా అక్క మొగుడు వైమానిక దళంలో ఇరవై ఏళ్లు పనిచేసి, రిటైరై సొంతూరు కోటబొమ్మాళి వచ్చేసి చాలా ఏళ్లయింది. యుద్ధవిమానాలకు బాంబులు బిగించడం ఆయన పని.

సరిహద్దులో కాల్పులు జరుగుతున్న రోజులవి. ఒక ఆదివారం పొద్దున్న బావా నేనూ అరసవల్లిలో దర్శనం చేసుకుని టీకొట్టులో కూర్చున్నాం. టీవీలో కొత్త స్టెల్త్ విమానాన్ని చూపిస్తూ, అది ఎవరికీ కనపడదని ఒకాయన గొంతు చించుకుంటున్నాడు.

"నిజంగా కనపడదా బావా?" అన్నాను.

"కంటికి కనపడతాది. రాడార్‌కే సరిగ్గా దొరకదు. ఒళ్లంతా ఏటవాలుగా ఉంటాది. తగిలిన తరంగం ఎనక్కెళ్లకుండా పక్కకి పోతాది, కొంత పైపూత పీల్చేస్తాది. బాంబులు కూడా రెక్కల కింద ఏలాడవు, కడుపులో దాస్తారు. తలుపు తీసి, వదిలేసి, మూసేస్తాది. కిందోళ్లకి పరిగెట్టే టైమే ఉండదు. పిల్లలకి అన్నం పెడతన్నోళ్లు అలాగే పోతారు."

పక్క బల్ల మీద టీ తాగుతున్న దిట్టమైన మనిషొకడు లేచాడు. "ఏటి ముసిలోడా, శత్రువుల మీద జాలా నీకు?"

"ఈ సేతుల్తో బిగించినోడిని. ఏటవుతాదో నాకు తెలుసు," అన్నాడు బావ.

అతను గాజుగ్లాసుతో బావ మొహం మీద కొట్టాడు. కనుబొమ చీలి రక్తం చొక్కా మీదికి కారింది. బావ కింద పడ్డాక డొక్కలో తన్నాడు. నేను ఇనప స్టూలు ఎత్తి అతని చేతి మీద వేశాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అయినా ఆగలేదు. వీపు మీద, భుజం మీద కొడుతూనే ఉన్నాను. చివరికి బావ పాక్కుంటూ వచ్చి నా కాలు పట్టుకున్నాడు.

"ఒరే, సాల్రా. సచ్చిపోతాడు."

ఆసుపత్రిలో బావకు కుట్లు, అతనికి సిమెంటు కట్టు వేశారు. పోలీసుల ముందు అతనూ నేనూ రాజీ కాగితం మీద సంతకాలు చేశాం. అతను ఎడమచేత్తో చేశాడు. బయట మెట్ల మీద కూర్చున్న అతని భార్య నన్ను చూసి చప్పున పక్కకు జరిగింది.

తిరుగు బస్సులో బావతో నిజం చెప్పేశాను. "చెయ్యి విరిగినప్పుడు నాకు సంతోషమేసింది బావా."

ఆయన కనుబొమ మీది కట్టు సర్దుకున్నాడు.

"ఏస్తాది. మేం బిగించిన బాంబులన్నీ వదిలేసి విమానం తిరిగొస్తే సప్పట్లు కొట్టేవోళ్లం. ఆ సంగతి మీ అక్కకి ఇప్పటికీ సెప్పనేదు."

ఊళ్లో దిగాక ఆయన్ని ఇంటిదాకా పట్టుకుని నడిపించాను. తలుపు తీసిన అక్క కట్టు చూసి, ఎవరు కొట్టారని అడిగింది. బావ లోపలికి వెళ్లి పడుకున్నాడు. జరిగినదంతా నేనే చెప్పాను, చప్పట్ల సంగతి తప్ప.