నా హీరోయిన్ చీర

కొత్తగా ఉద్యోగంలో చేరి, ఫ్యాక్టరీ బస్సులో ఊగుతూ ఫోన్లో నవల రాసుకున్న ఆ రోజుల్లో, హీరోయిన్ నేనేనని జనం ఇట్టే కనిపెట్టేస్తారని తెగ భయపడేదాన్ని. (ఎంత అమాయకురాలినో చూడండి.) ధర్మవరంలో బస్సెక్కితే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉన్న ఫ్యాక్టరీ చేరేలోపు ఒక పేజీ అయ్యేది. మాది పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గం దిగిన చీర షావుకారుకు చేరాల్సిందే తప్ప, ఇంట్లో ఆడవాళ్లు భుజాన వేసుకుని కూడా చూడకూడదని మా అవ్వ కట్టడి. ఒక మధ్యాహ్నం అవ్వ కునుకు తీస్తుంటే, చిలకపచ్చ చీరొకటి భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. అవ్వ దగ్గింది. గబగబా మడిచి పెట్టేశాను. నవల్లో నా హీరోయిన్ మాత్రం మడవలేదు. "నేసేది మనము, కట్టేది ఊరోళ్లా?" అని వాళ్ల అవ్వనే నిలదీసింది. అంత నోరు నాకుంటే నవలెందుకు రాస్తాను?

కథల యాప్‌లో నేను పెట్టిన ప్రతి భాగాన్నీ అమ్మ మగ్గం పక్కన కూర్చుని నాయనకు చదివి వినిపించేది. ఆ భాగం విన్నాక నాయన సొంతంగా పట్టు కొని, మగ్గం మీద చిలకపచ్చ చీర మొదలుపెట్టాడు. నాకు అర్థమైపోయింది. ఎవరికీ చెప్పకుండా అంచుకు సరిపోయే ఎర్ర రవికె కుట్టించుకున్నాను. చీర మగ్గం దిగిన రోజు, హిందూపురంలో డిగ్రీ చదివే మా చెల్లెలు ఇంటికొచ్చింది. నాయన చీర తెచ్చి దాని చేతిలో పెట్టాడు.

"తీసుకోమ్మా. నీకింత ఆశ ఉండాదని అక్క రాస్తే గానీ తెలీలేదు. అవ్వకు నేను చెప్పుకుంటాలే."

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "అవ్వకు ఎదురుచెప్పే నోరు ఈ ఇంట్లో ఇంకెవురికుండాది?"

"నన్ను చూసి రాసినావా అక్కా? ముందే చెప్పింటే మంచి ఫోటో పంపింటా గదా," అంది చెల్లెలు. 'ఆ పిల్లను నేనే' అనబోయి, దాచుకున్న రవికె తెచ్చి ఇచ్చాను. నా హీరోయిన్ అయితే అనేసేది. చివరికి నా ఎర్ర రవికె కూడా చెల్లెలికే సరిపోయింది. కింద కూర్చుని కుచ్చిళ్లు సర్దింది కూడా నేనే.

ఇప్పటికీ ప్రతి పెళ్లికీ అది ఆ చీరే కట్టుకొస్తుంది, నవల సంగతి అందరికీ చెబుతుంది. అందుకే కొత్త నవల్లో హీరోయిన్‌కు అసలు చెల్లెలే లేకుండా చేశాను. నిన్న రాస్తుంటే ఆ హీరోయిన్ చిలకపచ్చ చీర కట్టుకుంటూ, కుచ్చిళ్లు సర్దేవాళ్లు లేక అద్దం ముందు అట్లాగే నిలబడిపోయింది. ఎంతసేపు ఆలోచించినా కథ కదల్లేదు. నవ్వొచ్చింది. చెల్లెల్ని రాయక తప్పలేదు. కాకపోతే ఈసారి చీర అక్కది.